ఉమ్మడి బొమ్మల కథలో కోవ ఎంపిక

ఒకరికంటె ఎక్కువమంది కలిసి తయారుచేసే కామిక్స్ కథను, లేదా జపాను పద్ధతిలోని మాంగా కథను ఉమ్మడి బొమ్మల కథ అనవచ్చును. ఇందులో ఒకరు కథ అల్లుతారు, మరొకరు బొమ్మలు గీస్తారు, ఇంకొకరు సంభాషణలు వ్రాస్తారు. వీరందరూ ముందుగా తేల్చుకోవలసినది కథ యొక్క కోవ. దీనినే జానర్ అని కూడా అంటున్నారు. పౌరాణికం, జానపదం, చారిత్రకం, సాంఘికం, హాస్యం, అపరాధ పరిశోధన, వైజ్ఞానిక కల్పన మొదలైనవి తెలుగు పాఠకులకు పరిచయమున్న కోవలు.

కోవ అంటే అట్టమీద వేసే ముద్ర మాత్రమే కాదు. నాయకుడెవరు, ప్రతినాయకుడెవరు, ఏ ఘట్టాన్ని బొమ్మలో చూపాలి, దేనిని ఒక్క మాటతో దాటవేయాలి అన్నవి దానినిబట్టే నిర్ణయమవుతాయి. ఒంటరి రచయిత సగంలో మనసు మార్చుకొన్నా నష్టపోయేది అతని శ్రమ ఒక్కటే. ఉమ్మడి పనిలో అప్పటికే గీసిన పుటలన్నీ వృథా అవుతాయి. ఉత్తరాంధ్రలో పుట్టిన రెండు ప్రసిద్ధ కథావస్తువులు ఈ సంగతిని బాగా తెలియజేస్తాయి.

బొబ్బిలి కథ

1757 జనవరి 24న బొబ్బిలి కోట వద్ద యుద్ధం జరిగినది. ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యము, విజయనగర ప్రభువు పూసపాటి పెద విజయరామరాజు సైన్యము ఒకవైపు, బొబ్బిలి ప్రభువు రంగారావు మరొకవైపు నిలిచారు. ఓటమి తప్పదని తేలినపుడు కోటలోని స్త్రీలు, పిల్లలు తమవారి చేతులలోనే మరణించారు. రంగారావు పోరులో నేలకొరిగాడు. ఆ తరువాత తాండ్ర పాపారాయుడు రాత్రివేళ డేరాలో ప్రవేశించి విజయరామరాజును చంపాడు.

ఈ వస్తువును దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్రము' అనే కావ్యంగా వ్రాశాడు. జంగాలు దీనిని కథగా పాడారు. వేదము వేంకటరాయశాస్త్రి నాటకంగా మలిచాడు. 1964లో వచ్చిన 'బొబ్బిలి యుద్ధం' చిత్రంలో ఎన్.టి.రామారావు రంగారాయుడి పాత్రను, ఎస్.వి.రంగారావు పాపారాయుడి పాత్రను ధరించారు. 1986లో కృష్ణంరాజు నటించిన చిత్రానికి 'తాండ్ర పాపారాయుడు' అనే పేరు పెట్టారు. అంటే ఇరవై రెండేళ్ళలో కథకు కేంద్రం ప్రభువునుండి అతని వీరుడికి మారినది.

ఇదే కథను నలుగురు విద్యార్థులు బొమ్మలుగా వేయదలచితే చిక్కు వెంటనే ఎదురవుతుంది. వీరగాథ అనుకొంటే చివరి బొమ్మ డేరాలోని పాపారాయుడిది. విషాదాంతం అనుకొంటే కథ కోటలోనే ముగియాలి. చారిత్రకం అనుకొంటే బుస్సీ ఎందుకు వచ్చాడు, కప్పం తగాదా ఏమిటి, రెండు సంస్థానాల మధ్య పాతపగ ఎట్టిది అన్నవి కూడా చెప్పక తప్పదు. అప్పుడు విజయరామరాజు వట్టి దుష్టుడుగా మిగలడు. బొబ్బిలి నేడు విజయనగరం జిల్లాలోనే ఉన్నది. పాపారాయుడి పేరుతో ముడిపడిన రాజాం 2022 వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండి, ఆ సంవత్సరపు పునర్విభజనలో విజయనగరం జిల్లాలో చేరినది. కనుక ఇక్కడి పాఠకులలో రెండు పక్షాలవారూ ఉంటారు. అంతఃపుర ఘట్టాన్ని పిల్లల పత్రికకు ఎంతవరకు చూపవచ్చునన్న ప్రశ్న దీనికంటె కష్టమైనది. బొమ్మ గీసేవారు ఒప్పుకోని ఘట్టాన్ని కథకుడు ముందుగా వ్రాసిపెట్టుకోవడం వలన ప్రయోజనం లేదు.

కన్యాశుల్కం

గురజాడ అప్పారావు 1897 నాటి తన పీఠికలో, విజయనగర మహారాజు ఆజ్ఞతో అప్పటి విశాఖపట్నం జిల్లాలో సేకరించిన లెక్కలను పేర్కొన్నాడు. మూడేళ్ళలో 1034 కన్యాశుల్క వివాహాలు జరిగినట్లు అందులో తేలినది. వధువులలో 99 మంది ఐదేళ్ళవారు, ముగ్గురు ఏడాది పసికందులు. ఇంతటి ఘోరానికి ఆయన ఎన్నుకొన్నది హాస్య నాటకం. 1892లో తొలిసారి ప్రదర్శించబడిన ఈ నాటకాన్ని తిరగవ్రాసి 1909లో మళ్ళీ ప్రచురించాడు. బరువైన విషయానికి బరువైన కోవే కావాలన్న నియమం లేదనడానికి ఇంతకంటె వేరు సాక్ష్యం అక్కరలేదు. అయితే హాస్యమంతా వాడుక భాషపై నిలిచినది. ఉత్తరాంధ్ర మాట తెలియనివారికి సంభాషణల పని అప్పగిస్తే ఈ కోవ చప్పబడుతుంది.

పనివారినిబట్టి కోవ

జట్టులోని చిత్రకారుని చేతివాటం కూడా చూడాలి. 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం వ్రాసిన ధారావాహికలు, 1954లో మొదలైన 'తోకచుక్క' నుండి 'భల్లూక మాంత్రికుడు' వరకు పన్నెండు, జానపద కోవకు చెందినవి. వాటికి బొమ్మలు వేసినది చిత్ర (టి.వి.రాఘవన్). మాంత్రికులు, వింతజంతువులు ఆయన కుంచెకు అనువైనవి. అదే పత్రిక ముఖచిత్రాలతో పేరుపొందిన, శ్రీకాకుళంలో జన్మించిన వడ్డాది పాపయ్య (1921-1992) రంగులు మరొక లోకానివి. పౌరాణిక స్త్రీమూర్తులు, ప్రకృతి ఆయన సొత్తు.

జపానులో మాంగా పత్రికలను పాఠకుల వయసును, స్త్రీపురుష భేదాన్నిబట్టి విభజిస్తారు. బాలురకు షోనెన్, బాలికలకు షోజో, పెద్దలైన పురుషులకు సీనెన్. ఈ విభాగంలోపల కోవ ఏదైనా కావచ్చును. రచయిత త్సుగుమి ఓబా, చిత్రకారుడు తకేషి ఒబాతా జంట 'డెత్ నోట్' (2003-2006) తరువాత 'బకుమాన్' (2008-2012) వెలువరించారు. కలిసి మాంగా తయారుచేసే ఇద్దరు బాలురు ఏ కోవలో వ్రాయాలా అని తంటాలుపడడం కూడా ఈ రెండవదాని ఇతివృత్తంలో భాగం.

కోవల కలయిక

జట్టులో ఒకరు హాస్యము, మరొకరు చరిత్ర కోరితే రెండింటినీ విడిచిపెట్టనక్కరలేదు. బుర్రకథలో ప్రధాన కథకుడు కథ నడుపుతుంటే, హాస్యపు వంత నవ్విస్తాడు, రాజకీయపు వంత సమకాలీన విషయాలు ముచ్చటిస్తాడు. కథ మాత్రం కథకునిదే. బొమ్మల కథలోనూ ఒక కోవను ప్రధానంగా ఉంచి, రెండవదానిని ఒక పాత్రకు గాని, పుట అడుగున ఉండే చిన్న గడులకు గాని పరిమితం చేయవచ్చును. ప్రతి అధ్యాయానికీ కోవ మారితే పాఠకుడు నిలవడు.

కథావస్తువు, హక్కులు

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో స్థాపించిన కథానిలయం తెలుగు కథల భాండాగారం. వస్తువు వెదుక్కొనేవారు అక్కడ ఒకే వస్తువుపై వివిధ కోవల కథలు చదివి పోల్చుకోవచ్చును. అయితే భారత కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ళవరకు హక్కులుంటాయి. 1915లో మరణించిన గురజాడ రచనలను స్వేచ్ఛగా బొమ్మల కథగా మార్చవచ్చును. 2021లో మరణించిన రామారావు కథలకు అనుమతి పొందాలి. ఎవరి పాలు ఎంతో విడదీయలేని ఉమ్మడి రచనకు ఈ గడువును చివరగా మరణించిన సహరచయిత నుండి లెక్కిస్తారు.