తెఱమీది పలుకు

నాటకశాలలో కట్టకడపటి వరుసలో కూర్చున్నవానికి వినబడుటకై నటుడు గొంతెత్తవలెను, చేతులు చాచవలెను. చలనచిత్రమున నటుడు కనురెప్ప వాల్చినను అందఱకు కనబడును, గొణిగినను వినబడును. ఈ భేదమును గుర్తించుటకు ఏ దేశమువారికైనను కొంతకాలము పట్టినది.

చైనాదేశమును జూడుడు. 1905 సంవత్సరమున బీజింగు నగరములోని ఒక ఛాయాచిత్రశాలయందు, టాన్ షిన్‌పే అను ప్రసిద్ధ గాయకనటుడు ఆడుచున్న సంగీతనాటక ఘట్టములను యంత్రమున కెక్కించిరి. అదియే చైనీయుల తొలి చలనచిత్రమని ప్రసిద్ధి. మన కథయు ఇట్టిదే. రఘుపతి వెంకయ్యగారును, వారి కుమారుడు ప్రకాశ్‌గారును 1921లో “భీష్మప్రతిజ్ఞ” యను మూకచిత్రమును వెలువరించిరి. 1932లో హెచ్. ఎమ్. రెడ్డిగారు తీసిన “భక్తప్రహ్లాద” మన తొలి సంపూర్ణ వాక్చిత్రము. దానికి మూలము ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి నాటకము. అందు నటించినవారిలో సురభి నాటకసమాజమువారు ముఖ్యులు. మునిపల్లె సుబ్బయ్యగారు హిరణ్యకశిపుడుగను, సురభి కమలాబాయిగారు లీలావతిగను నటించిరి. రంగస్థలము మనకు కథల నిచ్చినది, గాయకుల నిచ్చినది. వారిని నిందించుట కృతఘ్నత యగును. కాని పద్యమును రాగము తీసి పాడునంతసేపు చిత్రయంత్రము కదలక నిలిచి చూచుచుండుటయే కళ యనిపించుకొనదు.

చిక్కు ముఖ్యముగా భాషలో నున్నది. పదియడుగుల ముఖము తెఱమీద కన్నీరు పెట్టుచుండగా నోటినుండి దీర్ఘసమాసము వెడలినచో, కన్నీరైనను అబద్ధము కావలెను, సమాసమైనను అబద్ధము కావలెను. చైనాలో 1917లో హూ షి అను పండితుడు, ప్రాచీన గ్రంథభాషను విడిచి జనులు పలుకు భాషలో వ్రాయవలెనని వాదించెను. ఆ భాషలో కథలు వ్రాసినవారిలో మావో దున్ ఒకడు. పట్టుపురుగులు పెంచి, పంట పండియు ధర లేక చెడిన రైతుకుటుంబమును గూర్చి యాతడు వ్రాసిన కథ 1933లో “వసంతపు పట్టుపురుగులు” అను చిత్రమైనది. రాజులును వీరులును నిలిచిన తెఱమీద అప్పులపాలైన రైతు నిలిచెను. భాష మాఱినపిదప మనుష్యులును మాఱిరి.

మన దేశమున ఈ పని చేసినవాని ఊరు మా నరసన్నపేటకు దూరము కాదు. వంశధారా తీరమున శ్రీముఖలింగము సమీపమునందలి పర్వతాలపేటలో 1863లో గిడుగు రామమూర్తి పంతులుగారు జన్మించిరి. సవరల భాషకు నిఘంటువు కూర్చిన ఆ మహనీయుడే, తెలుగువాడు పలుకు తెలుగునకు బడిలోను పుస్తకములోను చోటు కావలెనని జీవితాంతము పోరాడెను. పర్లాకిమిడిలో ఆయన శిష్యుడైన తాపీ ధర్మారావుగారే 1938లో “మాలపిల్ల”కు సంభాషణలు వ్రాసిరి. కథ చలముగారిది, దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మముగారు. వాడుకభాషలో నడచిన తొలి తెలుగు చిత్రమని దానికి పేరు.

దేవాలయమున హరిజనులకు ప్రవేశము నిరాకరింపబడిన గ్రామము, ధర్మకర్త సుందరరామశాస్త్రి, ఆయన కుమారుడు వలచిన మాలపిల్ల సంపాలత. గోవిందరాజుల సుబ్బారావుగారు శాస్త్రిగను, కాంచనమాలగారు సంపాలతగను నటించిరి. తిరువాన్కూరులో 1936లోనే ఆలయములు తెఱవబడెను. చెన్నరాజధానిలో ఆలయప్రవేశ శాసనము 1939లో వచ్చెను. ఆ రెంటి నడుమ వెలువడిన ఈ చిత్రము నాటికి నిజమైన సాహసము.

అయినను మాకు దీనియం దొక సందేహము కలదు. శాస్త్రిగారి భార్య అగ్నిప్రమాదమున చిక్కుకొనగా ఒక హరిజనుడు ఆమెను కాపాడును. అంతట శాస్త్రిగారి మనసు మాఱును. గుడి తలుపులు తెఱచుకొనును. ప్రాణములకు తెగించి మేలు చేసినవానికే తలుపు తెఱచుట న్యాయమా? ఏ మేలును చేయనివాడు, మనవలెనే సామాన్యుడైనవాడు వచ్చినచో మూసి యుంచవచ్చునా? హక్కును బహుమానముగ నిచ్చుట సంస్కర్తలమైన మనలో నేటికిని మిగిలిన దోషము. చిత్రము మనలను మెచ్చుకొన్నంత మాత్రమున సంతోషింపరాదు.

మఱుసటి సంవత్సరము రామబ్రహ్మముగారే “రైతుబిడ్డ”ను తీసిరి. బళ్ళారి రాఘవగారు అందు రైతు. ఆ చిత్రమును నిర్మించిన సారథి సంస్థకు చల్లపల్లి జమీందారుగారే అండ, అయినను వేంకటగిరి, బొబ్బిలి జమీందారులు దానిపై ఆగ్రహించిరి, నిషేధములు వచ్చినవి. చెన్నరాజధానిలో జమీందారీల రద్దు శాసనము 1948లోగాని రాలేదు. పౌరాణిక చిత్రములలోని రాక్షసునికి వెఱవనివారు రైతు నోటి నాలుగు మాటలకు వెఱచిరి. తెఱమీద వాడుకమాటకు గల బల మట్టిది.

ఇంతవఱకు చెప్పినది గెలుపుకథ. కాని గిడుగువారి పుట్టినగడ్డమీది పలుకు మాత్రము తెఱమీద చిరకాలము పనివాని నోటను, హాస్యగాని నోటనే వినబడినది. పై చదువులకు పట్టణము పోయిన మా విద్యార్థి యొకడు “ఏటి” అన్నంతనే తోడివారు నవ్విరట. సెలవులకు వచ్చినపుడు మా యెదుటను ఆ మాట మానివేసెను. మేము కారణ మడిగితిమి. వాడు తల వంచుకొనెను.

ఈ వ్యాసమును మేమును గ్రాంథికముననే వ్రాసితిమి. చిన్ననాటినుండి సంస్కృతము చదివిన చేతికి ఆ యలవాటు వదలదు. ఇంటిలో మాత్రము “ఏటి” అనియే యందుము. చదువరులారా, మీ పిల్లలతో గూడి చిత్రము చూచుచున్నపుడు మా ప్రాంతపు పలుకు విని వారు నవ్వినచో, ఆ పలుకు పలికినవాడు ఆ కథలో ఏ పనివాడుగ నుండెనో వారి నొకసారి అడుగుడు. గుడి తలుపు తెఱచితిమని తృప్తిపడిన మనము ఇంకను మూసి యుంచిన తలుపు లెన్నియో వారే చెప్పగలరు.