ఎఱ్ఱచుక్క చరిత్ర

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారు నేడు మన ఇండ్లలోను పలువురు కలరు. వారి తెరవంక పరికించినచో, వ్రాసిన పంక్తులకు ఎడమ అంచున ఒక చిన్న ఎఱ్ఱచుక్క కానవచ్చును. కొన్ని సాధనములలో అది నీలపుచుక్క. పఱుగిడుచున్న ప్రోగ్రాము ఆ పంక్తికి రాగానే ఆగవలెనని దాని అర్థము. ఆగిన పిమ్మట లోపల ఏ విలువ యెంత యున్నదో, ఏ దారిని అచ్చటికి వచ్చినదో తీరికగా చూచి తప్పు పట్టుకొందురు. ఆ చుక్కకు బ్రేక్‌పాయింటనియు, ప్రోగ్రామును అట్లు నిలిపి చూపించు సాధనమునకు డీబగ్గరనియు పేర్లు. చుక్క పెట్టుట క్షణములో పని. కాని అదే చుక్క పలు డీబగ్గరులకు ఒకే విధముగా అర్థమగునట్లు చేయుట డెబ్బది యేండ్ల కథ.

మొదట అది చుక్క కాదు, తీగ. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు 1946లో లోకమునకు చూపిన ఎనియాక్ యంత్రమున ఇంచుమించు 18,000 గొట్టములుండెను. మన పాత రేడియోలలో ఎఱ్ఱగా వెలుగుచుండిన వాల్వులకు అవి దాయాదులే. ఆ యంత్రమునకు ప్రోగ్రామనగా వ్రాత కాదు. ఒక భాగమునుండి మఱియొక భాగమునకు తగిలించిన తీగల అల్లిక. ఒక భాగము పని ముగించి తీగవెంట సంకేతము పంపినగాని తరువాతి భాగము కదలదు. ఆ అల్లికను కూర్చిన ఆఱుగురు స్త్రీలలో బెట్టీ హోల్బర్టన్ ఒకతె. లెక్క నడుమ యంత్రమును నిలుపవలసినచోట తీగను ఊడదీసిన చాలునని కనిపెట్టినది ఆమెయే. తీగ తెగిన చోటు గనుక దానికి బ్రేక్‌పాయింటను పేరు వచ్చినది. యంత్రము నిర్మించినవారి కీర్తి వెంటనే వ్యాపించినది; ఈ స్త్రీల పేర్లు వెలుగులోనికి వచ్చుటకు దశాబ్దములు పట్టినవి. నేడు దినమునకు నూఱు చుక్కలు పెట్టువారిలో ఆమె పేరెఱిగినవారెందఱో మాకు సందేహమే.

తరువాతి యంత్రములలో ప్రోగ్రాము తీగలను విడిచి, అంకెల రూపమున యంత్రముయొక్క జ్ఞాపకములో చేరినది. 1949లో కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ అను అట్టి యంత్రమును నడపిన మారిస్ విల్క్స్, తన శేషజీవితములో పెద్దభాగము తన ప్రోగ్రాములలోని తప్పులు వెదకుటకే పోవునని ఒకనాడు మెట్లయొద్ద తోచినదని స్మృతులలో వ్రాసికొనెను. ఇప్పుడు ఊడదీయుటకు తీగ లేదు. కావున మఱియొక ఉపాయము పన్నిరి. నిలుపవలసిన చోటనున్న ఆదేశమును తీసి దాచి, దాని స్థానమున డీబగ్గరును పిలుచు ఆదేశమును పెట్టుదురు. యంత్రము అచ్చటికి రాగానే డీబగ్గరు మేలుకొనును. పని తీరిన పిమ్మట దాచిన ఆదేశమును మరల యథాస్థానమున ఉంచును. 1978లో వెలువడిన ఇంటెల్ 8086 చిప్పులో ఇందుకై ఒకే బైటు పొడవుగల ఆదేశమును ఏర్పఱచిరి. ఆదేశములలో కొన్ని పొట్టివి, కొన్ని పొడవైనవి. పెట్టునది అన్నిటికంటె పొట్టిది కానిచో పక్కదానిని చెఱచును.

ఇచ్చట ఒక ముచ్చట. ఆంగ్లమున ప్రోగ్రాములోని తప్పును పురుగందురు. అందుచే అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయమువారు ఒక డీబగ్గరునకు ఫ్లిట్ అనియు, 1961 ప్రాంతమున వచ్చిన దానికి డీడీటీ అనియు పేర్లు పెట్టిరి. రెండును పురుగుమందులే. 1953లో ఆరంభమైన మలేరియా నియంత్రణ కార్యక్రమముతో డీడీటీ మన పల్లెగోడలకును చేరినది గనుక ఈ పరిహాసము మనకును రుచించును.

చిక్కు యంత్రములో లేదు, మనుష్యులు మాటలాడు భాషలో ఉన్నది. డీబగ్గరులు పెరిగినవి, ప్రతిదానికి తన పలుకు వేఱు. యూనిక్సు వ్యవస్థలోని డీబీఎక్స్‌నకు "స్టాప్" అనవలెను. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ వ్రాసిన జీడీబీకి "బ్రేక్" అనవలెను. జావా భాషకు వచ్చిన జేడీబీ మరల "స్టాప్" అనును. చేయు పని యొకటే.

ఈ గందరగోళమును తీర్పబూనిన వారిలో ఈమాక్స్ అను ఎడిటరువారు ముందువారు. 1990ల ఆరంభమున వారు చేర్చిన సాధనమునకు మహా ఏకీకృత డీబగ్గరని పేరు. పేరు గొప్పది, పద్ధతి సులువైనది. ప్రతి డీబగ్గరునకు ఒక వాక్యపు అచ్చు నుంచి, అందులో ఫైలు పేరునకును పంక్తిసంఖ్యకును ఖాళీలు విడిచిరి. మీట నొక్కగానే ఖాళీలు నిండి ఆ వాక్యము డీబగ్గరునకు పోవును. చాలకాలము ఇది బాగుగనే నడచినది.

2001లో వచ్చిన ఎక్లిప్స్ ఇంకను లోతునకు దిగినది. ఎవరైనను ప్లగిన్ అను చిన్న చేర్పు వ్రాసి దానికి క్రొత్త భాషను, క్రొత్త డీబగ్గరును తగిలింపవచ్చును. అందు చుక్క యొక స్వతంత్రమైన నమోదు. ఏ డీబగ్గరు జాతికి చెందినదో దానిపై వ్రాసియుండును. చుక్క పుట్టగానే నిర్వాహకుడు అందఱకు చాటును; నడచుచున్న ప్రతి డీబగ్గరు "ఇది నాదా?" యని చూచుకొనును. అన్ని డీబగ్గరులకు చెల్లు ఒకే చుక్కను పుట్టింపనెంచిన ప్లగిన్ రచయితకు చిక్కు ఇచ్చటనే. సీ భాషకు ఫైలును పంక్తియు చాలును; జావా చుక్క తానే తరగతిలో నున్నదో కూడ చెప్పవలెను. కావున ఎడిటరు పొందిన క్లిక్కును చుక్కగా మార్చు భారమును ఆయా భాషల ప్లగిన్‌లకే విడువవలసివచ్చినది.

మైక్రోసాఫ్టువారు 2015లో బయటపెట్టిన వీఎస్ కోడ్ ఎడిటరు కొఱకు కల్పించిన డీబగ్ అడాప్టర్ ప్రోటోకాల్ వేఱొక దారి పట్టినది. 5 ఎడిటరులు, 10 డీబగ్గరులు ఉన్నచో 50 వంతెనలు కట్టవలెను. నడుమ ఒక ఉమ్మడి భాష యున్నచో 15 చాలును. ఆ భాషలో ఎడిటరు "ఈ ఫైలులో ఈ పంక్తులు" అని పూర్తి పట్టికను ప్రతిసారి పంపును. పాత పట్టిక రద్దగును. తక్కిన తంటాలు అవతలివైపు దుబాసీవి.

మాకు ముఖ్యముగా తోచినది ఈ పట్టిక కాదు, దానికి వచ్చు జవాబు. ప్రతి చుక్కకును "నిలిపితిని" అనియో, "ఇంకను నిలుపలేదు" అనియో, "ఆ పంక్తిలో ఆదేశము లేదు గనుక క్రింది పంక్తిలో ఉంచితిని" అనియో డీబగ్గరు చెప్పుకొనవచ్చును. ఇది చిన్న మర్యాద కాదు. తెరపై చుక్క వెలుగుచుండగా ప్రోగ్రాము ఆగక సాగిపోయినచో, చూచువాడు ప్రోగ్రాము ఈ దారినే రాలేదని తలచి, తప్పు లేనిచోట రాత్రులు వెదకును. అన్ని డీబగ్గరులు ఒకటే యని బొంకుటకంటె, చేతగానిదానిని చేతకాదని చెప్పనిచ్చు ఏర్పాటే మేలైనది. వీఎస్ కోడ్‌లో అట్టి చుక్క ఎఱుపు విడిచి బూడిదరంగు తాల్చును. తరువాత ఎక్లిప్స్‌వారును ఆ భాషను వినగల ప్లగిన్‌ను తమ సాధనములో చేర్చుకొనిరి.