పసుపుపెట్టె నాటి బొబ్బిలి

బొబ్బిలి యనగానే తెలుగువారికి స్ఫురించునది 1757 జనవరి 24వ తేదినాటి యుద్ధము. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులును, విజయనగర ప్రభువు విజయరామరాజు పగయు, తాండ్ర పాపారాయుడు తీర్చుకొన్న ప్రతీకారమును బుర్రకథలవలనను, నాటకములవలనను, పిమ్మట చలనచిత్రములవలనను ఇంటింట తెలిసినవే. మా ఊరికి వచ్చిన చుట్టములకు మేము మొదట చూపునది ఆ యుద్ధస్మారక స్తంభము. తరువాత పనసమ్రానున తొలిచిన గొల్లపల్లి వీణలు. కాని ఆ యుద్ధము జరిగిన నూట ఎనుబది సంవత్సరములకు, అనగా 1937 ఫిబ్రవరిలో, మదరాసు రాజధానికి (ప్రెసిడెన్సీకి) ప్రధానమంత్రిగా నున్న బొబ్బిలి రాజా తన సంస్థానపు గడ్డమీదనే శాసనసభకు పోటీచేసి ఓడిపోయిన సంగతి నేడు మా వీథులలో ఎందరికి తెలియును? నా మట్టుకు నాకు, ఊరి చరిత్రలో మొదటి యుద్ధముకంటె ఈ రెండవదే ఘనమైనదిగా తోచును. ఏలయన, మొదటిదానిలో ప్రభువులు ప్రభువులతో పోరిరి, రెండవదానిలో తీర్పు చెప్పినవారు రైతులు.

రాజా రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావుగారు 1901లో జన్మించిరి. అధికారములోనున్న తమ జస్టిస్ పక్షములోని జమీందారులు మునుస్వామి నాయుడుగారిని ప్రధానమంత్రి పదవినుండి తప్పించినప్పుడు, 1932 నవంబరు 5వ తేదిని, ముప్పదియొక్క యేండ్ల ప్రాయమున రంగారావుగారు ఆ పీఠము నధిష్ఠించిరి. 1936లో కొన్ని నెలలపాటు పి. టి. రాజన్ గారికి ఆ బాధ్యత నప్పగించినను, ఆగస్టులో మరల తామే స్వీకరించిరి. ఓడినవాని గుణములను చెప్పుటకు మనవారు వెనుదీయుదురు గనుక ఇక్కడనే చెప్పుచున్నాను: ఆయన అసమర్థుడు కాడు. తాలూకా బోర్డులను రద్దుచేసి స్థానికపాలన స్వరూపమును మార్చినది ఆయన ప్రభుత్వమే. స్వపక్షములోని మహాధనికులతో సైతము వైరమునకు వెఱవని పట్టుదల ఆయనది. అయితే, పట్టుదల యున్నవానికి ఎదుటివాని మాట వినబడకపోవుట లోకసహజము.

వినవలసిన మాటలు ఆ దినములలో కొల్లలుగా నుండెను. ప్రపంచమంతటను వ్యాపించిన ఆర్థికమాంద్యమువలన ధాన్యము ధర పడిపోగా, రొక్కముగా కట్టవలసిన శిస్తు మాత్రము ఉన్నచోటనే యుండి, జమీందారీ రైతు అమ్ముకొన్న పంట శిస్తుకే చాలక అప్పుల పాలగుచుండెను. నెల్లూరు సీమలో వెంకటగిరి జమీందారీ రైతులు అప్పటికే ఆందోళన సాగించియుండిరి. ఆచార్య రంగాగారి రైతుసభలు ఊరూర జరుగుచుండెను. ఇట్టి కాలమున మదరాసు మంత్రులు ఒక్కొక్కరు నెలకు 4,333 రూపాయల జీతము పుచ్చుకొనుచుండిరి. పుట్లు కొలిచినను పదుల రూపాయలు కంటబడని రైతుకు ఆ అంకె ఎట్లు వినిపించియుండునో వేరుగ చెప్పనక్కరలేదు. 1934లో కేంద్ర శాసనసభకు జరిగిన ఎన్నికలలోనే జస్టిస్ పక్షము చావుదెబ్బ తిన్నది. ఆ హెచ్చరికను పెడచెవిని బెట్టి రాజాగారు 1937లో సొంతసీమను నమ్ముకొనిరి. విజయనగర ప్రభువులైన పూసపాటివారి సేనలకు లొంగని బొబ్బిలి ఒక కాంగ్రెసు వకీలునకు లొంగునా యని వారి పక్షమువారు తలంచియుందురు.

ఆ వకీలు వరాహగిరి వేంకటగిరిగారు. 1894లో బరంపురమున పుట్టి, ఐర్లండులో న్యాయశాస్త్రము చదువబోయి, అచ్చటి స్వాతంత్ర్యోద్యమముతో సంబంధము పెట్టుకొన్నందుకు ఆ దేశము విడువవలసివచ్చిన వ్యక్తి. ఈ ఎన్నికలకు ముందటి సంవత్సరము ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడగా బరంపురము దానిలో చేరినది. కనుక ఎన్నికలనాటికి గిరిగారి జన్మస్థలము పొరుగురాష్ట్రమున నున్నది. పరదేశి యని వేలెత్తి చూపుటకు ఇంతకు మించిన సాకు అక్కరలేదు. కాని మా ఊరికి ఆయన పూర్తిగా పరాయివాడనుటకు వీలులేదు. విజయనగరమునుండి మా బొబ్బిలి మీదుగా పార్వతీపురమునకు పోవు రైలుదారి బెంగాల్ నాగపూర్ రైల్వేవారిది; ఆ రైల్వే కార్మికుల సంఘమునకు గిరిగారు నాయకులు. ఉద్యోగములనుండి తొలగింపబడిన కార్మికుల కొఱకు 1928లో ఆయన నడిపిన సమ్మె శాంతియుతముగా సాగి ఫలించెను. కోటలో ఆయన నెఱిగినవారు లేకపోవచ్చును గాని స్టేషనులో ఉండక మానరు.

ఇక వోటుపెట్టెల సంగతి. ఆనాడు వోటుహక్కు అందరికిని లేదు. ఆస్తియో, పన్నో, చదువో ఉన్నవారికే అది దక్కినది. అట్లు దక్కినవారిలోను అక్షరజ్ఞానము లేనివారు పెక్కండ్రు. కావున మదరాసు రాజధానిలో పక్షమునకొక రంగు పెట్టెను కేటాయించిరి. కాంగ్రెసుకు వచ్చినది పసుపుపచ్చ. గాంధీకిని పసుపుపెట్టెకును వోటు వేయుడని ఊరూరను చాటిరి. ఇది యాదృచ్ఛికమైనను, ఇంతకంటె అనుకూలమైన రంగును కాంగ్రెసువారు కోరి తెచ్చుకొన్నను దొరకదు. గడపకు పూయునది పసుపు, పెండ్లిలో ముట్టునది పసుపు, తాళికి అలదునది పసుపు. వోటరు చేయవలసినదెల్ల తనకిచ్చిన చీటిని మరుగుచోటికి తీసికొనిపోయి తనకు నచ్చిన పెట్టెలో వేయుటయే. శిస్తు వసూలుచేయు ఠాణా ఉద్యోగి వెలుపల నిలిచియున్నను, ఏ పెట్టెలో ఎవరి చీటి పడినదో వానికి తెలియు ఉపాయము లేదు. దివాణము ముందు తలపాగా తీసి నిలుచుండు రైతునకు, ఎవరును చూడని చోట తన ఇష్టమునకు చేయి చాపు అవకాశము బహుశః జీవితమున అదియే మొదటిసారి.

ఆరువేలకు పైచిలుకు వోట్ల ఆధిక్యముతో గిరిగారు గెలిచిరి. రాజధాని మొత్తము మీద 215 స్థానములలో 159 కాంగ్రెసుకు దక్కెను. పదునేడేండ్ల క్రిందట ఆరంభమైన జస్టిస్ పక్షపు ప్రాభవము దానితో అస్తమించెను. ప్రధానమంత్రియే తన ఇలాకాలో ఓడినపుడు ఆ పక్షమునకు చెప్పుకొనుటకు మిగిలినదేమున్నది? ఏప్రిల్ 1న రాజాగారు పదవి వదలిరి. కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారి తాత్కాలిక మంత్రివర్గము జూలై వరకు నడచినది. పిమ్మట రాజగోపాలాచారిగారి మంత్రివర్గమున గిరిగారు కార్మిక, పరిశ్రమల శాఖలు వహించిరి. అదే ప్రభుత్వమున రెవిన్యూమంత్రియైన ప్రకాశం పంతులుగారు జమీందారీ రైతుల స్థితిని విచారించిన సంఘమునకు అధ్యక్షులై 1938లో నివేదిక సమర్పించిరి. దాని సంకల్పము 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టమున సిద్ధించినది. పసుపుపెట్టెలో బొబ్బిలి రైతు వేసిన చీటికి ఆ చట్టముతో సంబంధము లేదనుట సాహసము.

గెలిచినవానికిని ఈ సీమ ఒకనాడు పాఠము చెప్పినదని మఱువరాదు. మాకు కూతవేటు దూరముననున్న పార్వతీపురము లోక్‌సభ నియోజకవర్గమునుండి 1957లో గిరిగారు పోటీచేసిరి. ఇద్దరు సభ్యులు గల ఆ నియోజకవర్గమున ఒక స్థానము షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకింపబడినది, రెండవది అందరిది. ఆ రెండవ స్థానమునుకూడ డిప్పల సూరిదొర యను గిరిజనాభ్యర్థియే కైవసము చేసికొనెను. గిరిగారు సుప్రీంకోర్టు వరకు వెళ్లినను, ఎక్కువ వోట్లు వచ్చిన గిరిజనునకు సామాన్యస్థానము చెల్లునని 1959లో తీర్పు వచ్చినది. ఆ ఎన్నిక జరిగిన పండ్రెండేండ్ల మీదట ఆ ఓడినవారే రాష్ట్రపతి యైనారు. రాజాగారి విషయమునను ఓటమి అంత్యాధ్యాయము కాలేదు. 1946లో రాజ్యాంగసభకు సభ్యులైరి. 1978లో ఆయన గతించిరి. ఊరిలోని కళాశాలకు నేటికిని ఆయన పేరే. వారి వంశీయులు సుజయకృష్ణ రంగారావుగారు 2004, 2009, 2014 ఎన్నికలలో ఇదే బొబ్బిలినుండి గెలిచి, 2019లో ఓడిరి. 2024లో వారి సోదరులు గెలిచిరి. కోటవారిని ఎన్నుకొనుటయు మానుటయు ఇప్పుడు మా వాడుకలోనిదే. దానికి ప్రథమోదాహరణము 1937.

మా ఊరివారికొక మనవి. యుద్ధస్తంభమును చూడవచ్చు పిల్లలకు పాపారాయుని కథతోపాటు ఈ కథను గూడ చెప్పుడు. మీ పెద్దల పెట్టెలలో ఆనాటి కరపత్రములు గాని, దివాణపు శిస్తు రసీదులు గాని, వోటర్ల జాబితాలు గాని మిగిలియున్నచో చెదలకు వదలక ఊరి గ్రంథాలయమునకో, కళాశాలకో చేర్పుడు.