గిటార్ స్పీకర్ పెట్టె (ఇంటి తయారీ)

ఎలక్ట్రిక్ గిటార్ ఆంప్లిఫయర్‌కు జోడించేందుకు ప్లైవుడ్‌తో సొంతంగా కట్టుకునే పెట్టె. తెలంగాణలోని సూర్యాపేట, చివ్వెంల వైపు పెట్టె అనగానే ఊరేగింపుల డీజే బాక్సే మెదులుతుంది. దాని కొలతలు ఇక్కడ పనికిరావు. డీజే బాక్సును లోతైన బేస్ కోసం, గాలి రంధ్రాలు లెక్కగట్టి కడతారు. గిటార్‌లో అతి మంద్రమైన తీగ మామూలు శ్రుతిలో పలికేది సుమారు 82 హెర్ట్జ్ వద్ద, కాబట్టి అంత లోతైన బేస్ అక్కర్లేదు. గిటార్ స్పీకర్ ధ్వని 5,000 హెర్ట్జ్ దాటాక త్వరగా తగ్గిపోతుంది. అందుకే ట్వీటర్ (పై స్వరాల చిన్న స్పీకర్) పెట్టరు. పెడితే డిస్టార్షన్ చెవులు కోస్తుంది.

పెట్టె వెనుక భాగం తెరిచి ఉంచితే నాదం గదంతా పరుచుకుంటుంది. ఫెండర్ కాంబోల్లో (ఆంప్లిఫయర్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేవి) ఎక్కువ ఈ తీరే. మూసేస్తే కింది స్వరాలు బిగువుగా, సూటిగా వస్తాయి. 1960ల మార్షల్ నాలుగు స్పీకర్ల పెట్టె ఇందుకు పేరుపొందింది.

సాధారణంగా 18 మి.మీ. ప్లైవుడ్ వాడతారు. పార్టికల్ బోర్డు చవకే గానీ తేమకు ఉబ్బుతుంది, మరలు పట్టవు. 12 అంగుళాల స్పీకర్‌కు రంధ్రం సుమారు 28 సెం.మీ. మూలలకు జిగురుతోపాటు మరలూ కావాలి. మూసిన పెట్టెలో సందు ఉంటే బుసకొడుతుంది.

రెండు 8 ఓమ్‌ల స్పీకర్లను సమాంతరంగా కలిపితే 4, శ్రేణిలో 16 ఓమ్‌లు. వాల్వు ఆంప్లిఫయర్‌ను స్పీకర్ తగిలించకుండా నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.