నక్కవాగు ఎవరి ఖాతాలో?

డాక్టర్లకు ఒక రూల్ బుక్ ఉంది. 2002లో అప్పటి మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తెచ్చిన వృత్తి ప్రవర్తన నిబంధనలు. క్లినిక్‌లో రిజిస్ట్రేషన్ నంబరు కనబడేలా పెట్టాలి. ఆస్పత్రిలో చేర్చుకున్న మరీజ్ రికార్డులు మూడేళ్లు దాచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కమీషన్లు తీసుకోవద్దు, తనను తాను ప్రచారం చేసుకోవద్దు. వీటి గురించి పేపర్లలో అప్పుడప్పుడు వార్తలు రాస్తుంటాం. కానీ ఐదో అధ్యాయంలో 5.1 అని ఒక చిన్న పేరా ఉంది. దాని సారం ఇది: డాక్టరు కూడా ఒక షహ్రీ, అంటే పౌరుడు. ప్రత్యేకమైన చదువు చదివినవాడు. కాబట్టి ప్రజల ఆరోగ్యం గురించి ప్రజలకు చెప్పాలి, సమాజంలో చట్టాలు అమలయ్యేలా తన వంతు పని చేయాలి.

ఈ పేరా మీద నేనెన్నడూ వార్త రాయలేదు. రాయాల్సిన చోటు మాత్రం మా జిల్లాలోనే ఉంది.

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం. 1970లలో మెదక్ జిల్లాలో ఈ పట్టీ మీద ఫ్యాక్టరీలు మొదలయ్యాయి. వెనకబడిన జిల్లాకు రోజ్‌గార్ అన్నారు, రోజ్‌గార్ వచ్చిన మాట నిజమే. వచ్చినవాటిలో బల్క్ డ్రగ్స్, అంటే మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలు చాలా ఉన్నాయి. వాటి మురికి నీరు ఇసకవాగులోకి, అక్కడినుంచి నక్కవాగులోకి, చివరికి మంజీరాలోకి పోయింది. దారిలో పోచారం, బచ్చుగూడెం, ఆరుట్ల, ఇస్మాయిల్‌ఖాన్‌పేట. వాగు నీళ్లతో వరి పండించుకున్న పల్లెలు. ముందు పొలాలు పాడయ్యాయి, తర్వాత బావులు.

పటాన్‌చెరులో ప్రాక్టీసు చేసే డాక్టర్ అల్లాని కిషన్ రావు దగ్గరికి ఈ పల్లెల జనం ఇలాజ్‌కు వచ్చేవాళ్లు. ఆయన నుస్ఖా రాసి పంపేసి ఊరుకోలేదు. ఈ జబ్బులకూ ఆ వాగుకూ సంబంధం ఉందని నలుగురిలో చెప్పారు. 1980లలోనే పల్లెలవాళ్లతో కలిసి రోడ్డెక్కారు. 2002 నిబంధనలు అప్పటికింకా పుట్టలేదు. కంపెనీల నడుమ క్లినిక్ పెట్టుకున్న డాక్టరు కంపెనీల మీద మాట్లాడటమంటే ఏమిటో ఆ ఏరియాలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. మరీజుల్లో సగం మంది కొడుకులు ఆ గేట్ల లోపలే పనిచేస్తుంటారు.

కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1990 నాటి రిట్ పిటిషన్, నంబరు 1056. వేసింది ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్. రైతులకు ముఆవజా, పల్లెలకు తాగునీరు అంటూ ఉత్తర్వులు వచ్చాయి. ఫైలు సుప్రీంకోర్టు నుంచి హైకోర్టుకు, అక్కడినుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కు తిరిగి, 2017లో ముగిసింది. 27 ఏళ్లు! కేసు వేసినప్పుడు పుట్టిన పిల్లలకు అప్పటికి పిల్లలు పుట్టారు.

ఇంతకాలంలో డాక్టర్ల గవాహీ, అంటే సాక్ష్యం, చట్టంలో ఎక్కడ ఉందో చూద్దాం. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో 89వ సెక్షన్ అని ఒకటుండేది. సీసం విషం, సిలికోసిస్ లాంటి జబ్బులు ఫ్యాక్టరీ కార్మికుడిలో కనిపిస్తే, ఇలాజ్ చేసిన డాక్టరు వెంటనే చీఫ్ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ ఫ్యాక్టరీస్‌కు రాసి పంపాల్సి ఉండేది. పంపకపోతే జుర్మానా. 1987 సవరణ తర్వాత దాని గరిష్ఠం వెయ్యి రూపాయలు. మొత్తం చిన్నదే కావచ్చు, కానీ ఫర్జ్ ఉండేది, తప్పితే శిక్షా ఉండేది. అయితే అది కాంపౌండ్ గోడ లోపలి మనిషికే. గోడ బయట వాగు నీళ్లు తాగిన రైతును చూసిన డాక్టరుకు ఆ సెక్షన్ వర్తించేది కాదు. మిగిలింది 5.1. అందులో చేయాలి అని ఉంది గానీ, చేయనివాళ్లను ఎవరు అడగాలో లేదు. నిబంధనల్లో తప్పుల జాబితా వేరే అధ్యాయాల్లో ఉంది. మౌనం ఆ జాబితాలో లేదు.

ఉర్దూ మీడియంలో చదివిన రోజుల్లో మా తారీఖ్ పాఠాల్లో ముహ్తసిబ్ అనే మాట వచ్చేది. తర్వాత తెలుగులో డిగ్రీ చేశాను గానీ దానికి సరైన తెలుగు మాట నాకిప్పటికీ దొరకలేదు. బజారులో తూకాలు చూసే అధికారి అనుకుంటాం. ఆయన పని అంతకన్నా చాలా పెద్దది. 12వ శతాబ్దపు సిరియాలో అల్ షైజరీ ఈ అధికారి కోసం ఒక పుస్తకం రాశాడు. అందులో తబీబులకూ, మందులు అమ్మేవాళ్లకూ, బట్టలకు రంగులద్దేవాళ్లకూ, వీధుల శుభ్రతకూ అధ్యాయాలున్నాయి. తబీబుల చేత హిప్పోక్రటీస్ ప్రమాణం చేయించాల్సిందీ ఆయనే. అంటే డాక్టరునూ, మందు తయారీనూ, దాని మురికినీ ఒకే మనిషి చూడాలి. ఆ జమానా గొప్పదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ముహ్తసిబులు లంచాలు తిన్న సంగతీ తారీఖ్‌లో ఉంది.

మనం ఆ ఒక్క పనిని పంచుకున్నాం. డాక్టరు మెడికల్ కౌన్సిల్ పరిధి. మాత్ర డ్రగ్ కంట్రోల్ వాళ్లది. కార్మికుడు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ చూపు కింద. వాగు కాలుష్య నియంత్రణ మండలిది. మరి వాగు నీటిలో మాత్ర కరిగి ఉంటే? ఇది ఊహ కాదు. ఇక్కడ 1994 నుంచి కంపెనీల మురికి నీటికి ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉంది, పటాన్‌చెరు ఎన్విరోటెక్. 2007లో స్వీడన్ పరిశోధకుడు లార్సన్, ఆయన సహచరులు ఆ కేంద్రంలో శుద్ధయి బయటికొచ్చే నీటిని పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు మింగిన మరీజ్ రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ! ఒక్క రోజులో బయటికి పోయే సిప్రో 45 కిలోలని, స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడేదానికి అది సమానమని వాళ్ల లెక్క. నీటిలో మందు ఉంటే, దానికి లొంగని బ్యాక్టీరియా పెరుగుతుంది. రేపు అదే మందు రాసే డాక్టరు దగ్గర అది పనిచేయదు. అంటే ఇది నేరుగా దవాఖానాకు సంబంధించిన సంగతి. తర్వాత ఆ నీటిని పైపులైన్‌తో హైదరాబాద్ అంబర్‌పేట శుద్ధి కేంద్రం వైపు మళ్లించారు. అది మూసీ ఒడ్డున ఉంది. మంజీరా కష్టం మూసీకి ట్రాన్స్‌ఫర్ అయిందన్నమాట.

మెడికల్ కౌన్సిల్ స్థానంలో 2020లో నేషనల్ మెడికల్ కమిషన్ వచ్చింది. 2023 ఆగస్టు 2న కొత్త ప్రవర్తన నిబంధనలు ప్రకటించింది. మందులు జెనరిక్ పేర్లతోనే రాయాలని గట్టిగా చెప్పేసరికి డాక్టర్ల సంఘాలు భగ్గుమన్నాయి. జెనరిక్ మందుల నాణ్యతకు గ్యారంటీ ఎవరిస్తారన్నది వాళ్ల సవాల్. సరైన సవాలే. ఆ మందుల ముడిసరుకు తయారయ్యే నేల గురించి మాత్రం ఆ బహస్‌లో ఒక్క మాట నాకు వినిపించలేదు. మూడు వారాలకే, ఆగస్టు 23న, కొత్త నిబంధనల్ని పక్కనపెట్టి 2002 నాటివే మళ్లీ అమల్లోకి తెచ్చారు. వాటితోపాటు 5.1 కూడా తిరిగొచ్చింది. దాని ఎదుట శిక్ష గడి ఇప్పటికీ ఖాళీ.