‘నేటివ్’ శబ్దచరిత్ర

“మీ నేటివ్ ఏది?” యని నేడు రైలులో తోడిప్రయాణికు నడుగుట మర్యాదయే. చలనచిత్రమున పల్లెవాసన యున్నచో ‘నేటివిటీ’ కలదని మెచ్చుకొందురు. కళాశాలలో చేరబోవు పిల్లవానిని ‘నేటివిటీ సర్టిఫికెట్టు’ తెమ్మందురు. ఇంత సాధువుగా మన యిండ్ల మెలగుచున్న యీ యాంగ్ల విశేషణము ఒకప్పుడు మన పెద్దలకు తలవంపుగా నుండెడిది. దాని చరిత్ర తెలిసికొనదగినది.

దీనికి మూలము లాటిను భాషలోని ‘నాతీవుస్’. పుట్టుకతో వచ్చినది, సహజమైనది అని యర్థము. దాని ధాతువును, సంస్కృతమునందలి ‘జన్’ ధాతువును ఏకమూలములని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కావున మన జాత, జాతి, జన్మ శబ్దములు దీనికి జ్ఞాతులు. ఆంగ్లమున ప్రకృతిని దెలుపు ‘నేచర్’, జనసముదాయమును దెలుపు ‘నేషన్’ దీనికి తోబుట్టువులు. ఇట్టి కులీనశబ్దమునకు హైన్యము మన దేశమున గాదు, ఇంగ్లండునందే మొదలైనది. మధ్యయుగమున అచ్చటి భూస్వాముల దస్త్రములలో ‘నాతీవుస్’ అనగా పుట్టుకచేతనే ప్రభువునకు కట్టుబడిన దాసుడు. అతడు ప్రభువు సెలవు లేక యూరు విడువరాదు. జన్మమును దెలుపు మాట జన్మదాస్యమును గూడ దెలుపజొచ్చెను.

ఓడలెక్కి తూర్పునకు వచ్చిన పిమ్మట ఈ మాట పాలితులందరికి పేరయ్యెను. 1833వ సంవత్సరపు చార్టరు చట్టము, మతముచేగాని, జన్మస్థలముచేగాని, వంశవర్ణములచేగాని యే ‘నేటివు’ను కంపెనీ కొలువునకు అనర్హుడు కారాదని పలికినది. చట్టమున సమత్వము చెప్పిన పదమే దొరల నోట తిరస్కారమై వినబడుచుండెను. కంపెనీ పటాలములలో మనవారివి ‘నేటివ్ ఇన్ఫెంట్రీ’లు, 1885లోగాని ఆ విశేషణమును సేనల పేళ్లనుండి తొలగింపలేదు.

మొదట మనవారును దీనిని ఒల్లమనలేదు. తెలుగువాడగు గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు 1852లో చెన్నపట్టణమున స్థాపించిన సంఘమునకు ‘మద్రాసు నేటివ్ అసోసియేషన్’ అనియే పేరిడిరి. రైతులపై శిస్తు వసూలునకై జరుగుచుండిన హింసలను ఆ సంఘము పార్లమెంటునకు విన్నవించినది. పేరు పాలకులిచ్చినదే గాని, గొంతు మనదే. తరువాతి తరమువారికి ఆ పేరు రుచింపలేదు. 1876లో కలకత్తాలో ‘ఇండియన్ అసోసియేషన్’, 1884లో చెన్నపట్టణమున ‘మహాజనసభ’, 1885లో ‘ఇండియన్ నేషనల్ కాంగ్రెసు’ వెలసినవి. ‘నేటివ్’ పోయి దాని తోబుట్టువగు ‘నేషనల్’ వచ్చెను. ఒకే ధాతువునుండి పుట్టిన రెండు మాటలలో ఒకటి విడిచి యొకటి చేపట్టుట యందే ఒక జాతి మేలుకొలుపు గానవచ్చుచున్నది.

దక్షిణాఫ్రికాలో నీ కథ మరింత కఠినముగా నడచినది. అచ్చటి ‘నేటివ్స్ ల్యాండ్ యాక్టు’ అను 1913వ సంవత్సరపు శాసనము, తమకు విడిచిన భాగమునకు వెలుపల నల్లవారు భూమి కొనగూడదనెను. ఆ భాగము దేశమున నూటికి 7 వంతులు మాత్రమే! ఈ నేల బిడ్డలని పేరు పెట్టియే, వారికి నేల లేకుండ జేసిరి. 1912లో వారు స్థాపించిన మహాసభ పేరున సయితము ‘నేటివ్’ అను మాట యుండెను; 1923లో దానిని వీడి ‘ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెసు’ అని మార్చుకొనిరి.

అయినను దోషము శబ్దముది కాదు. లండనులో పుట్టినవాడు ఆ నగరమునకు ‘నేటివు’ననుటకు సిగ్గుపడడు. ఎవరు, ఎవరిని, ఏ భావముతో పిలుచుచున్నారను దానినిబట్టియే విశేషణమునకు విలువ.

ఈ దోషము దొరలదే యని మనము తృప్తిపడరాదు. మన ‘నాటు’ శబ్దమును జూడుడు. ‘నాడు’ అనగా దేశము; నాటిది యనగా స్వదేశపుది. అట్టి మాటను మనమే మోటునకు పర్యాయముగ జేసి, పల్లెవానిని ‘ఊరనాటు’ అని నవ్వితిమి. ‘గ్రామ్యము’ అనగా గ్రామమునకు సంబంధించినదని మాత్రమే యర్థము. దానిని అసభ్యమునకు పేరు చేసినవారు మన పండితులే. నేడు అంగడిలో నాటుకోడికి ఫారముకోడికంటె వెల యెక్కువ పలుకుచున్నది గాని, నాటుమాటకు బడిలో ఇంకను వెల రాలేదు.

బడికి వచ్చిన పసివాడు తల్లి నేర్పిన మాట పలికినప్పుడు తరగతి నవ్వినచో, వాడు మరునాటినుండి మౌనమునే నేర్చును. క్రమముగా తల్లి మాటకే సిగ్గుపడును. ఒక విశేషణమువలన మన తాతలు పడిన నొప్పి యెట్టిదో, ఆ బిడ్డ పడు నొప్పియు నట్టిదే. శిష్టభాషను నేర్పుట ఉపాధ్యాయుని విధి, కాదనను. ఇంటిమాటను చిన్నబుచ్చకయే దానిని నేర్పవచ్చును. ఇంట తల్లిదండ్రులును, బడిలో మేమును ఈపాటి జాగ్రత్త వహించుట యుక్తము.