యజమాని బకాయి, అభిమానికి శిక్ష: హైదరాబాద్ ఎఫ్‌సీ ఉదంతం

పుదుచ్చేరి: ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో పుదుచ్చేరికి జట్టు లేదు. ఇక్కడి ఫుట్‌బాల్ అభిమానులు అగ్రశ్రేణి మ్యాచ్ చూడాలంటే తీర రహదారి వెంట సుమారు 150 కిలోమీటర్లు ప్రయాణించి చెన్నైలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి చేరుకోవాలి. అయితే ఈ పట్టణంలోనూ, ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాంలోనూ నివసించే తెలుగువారికి 2019 నుంచి ఆరేళ్లపాటు ‘మన జట్టు’ అనదగినది ఒకటుండేది. అదే హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్. 2025 అక్టోబరులో ఆ జట్టు పేరు, ఊరు రెండూ మారాయి. ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ.

ఐఎస్‌ఎల్ విజేతగా నిలిచిన జట్టు నాలుగేళ్లు తిరగకుండానే సొంత నగరాన్ని వదలి వెళ్లిపోవడం ఆట ఓటమి వల్ల జరగలేదు. ఆటగాళ్లకు చెల్లించవలసిన వేతనాలు చెల్లించకపోవడంతో పతనం మొదలైంది. ఆ తప్పునకు అంతర్జాతీయ సమాఖ్య విధించిన శిక్ష మైదానంలో ఆడేవారిపైన, గ్యాలరీలో కూర్చున్నవారిపైన పడింది. క్లబ్ యాజమాన్యాల తీరుపైనా, లీగులు విధించే శిక్షలపైనా ప్రపంచవ్యాప్తంగా అభిమానులలో వ్యక్తమవుతున్న ఆగ్రహానికి మూలం ఈ వైరుధ్యమే.

ఒక నగరం, ఆరేళ్లు

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్తది కాదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలుచుకుంది. రహీమ్ మార్గదర్శకత్వంలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ తరువాత దశాబ్దాల తరబడి నగరం ఫుట్‌బాల్ పటంలో కనిపించకుండా పోయింది. అందువల్లనే 2019 ఆగస్టులో ఐఎస్‌ఎల్ జట్టు వస్తున్నదన్న వార్త పాత తరానికి ఒక పునరాగమనంలా తోచింది.

ఆ రాక వెనుక మరో నగరం పోగొట్టుకున్నది ఉన్నదని అప్పుడు పట్టించుకున్నవారు తక్కువ. ఆర్థిక ఇబ్బందులతో మూతపడిన ఎఫ్‌సీ పుణె సిటీ స్థానంలోనే హైదరాబాద్‌కు అవకాశం దక్కింది. అదే నెలలో ఢిల్లీ డైనమోస్ జట్టు భువనేశ్వర్‌కు తరలి ఒడిశా ఎఫ్‌సీగా మారింది. అంటే ఒకే నెలలో పుణె, ఢిల్లీ అభిమానులు తమ జట్లను కోల్పోయారు. ఆరేళ్ల తరువాత హైదరాబాద్ కోల్పోయినది ఢిల్లీకి చేరింది. ఈ చక్రం ఏ ఒక్కచోటా అభిమానిని సంప్రదించి తిరగలేదు.

తొలి సీజన్‌లో 18 మ్యాచ్‌లలో రెండు మాత్రమే గెలిచి అట్టడుగున నిలిచిన జట్టు, స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్ శిక్షకుడిగా వచ్చిన తరువాత రూపు మార్చుకుంది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా మైదానంలో జరిగిన ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌తో తలపడింది. ఓటమి అంచున ఉండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా చేసిన గోల్‌తో స్కోరు 1-1 అయింది. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లను అడ్డుకోగా 3-1తో ట్రోఫీ హైదరాబాద్ వశమైంది. ఆ సీజన్‌లో 18 గోల్స్‌తో లీగులోనే అగ్రస్థానంలో నిలిచిన బార్తొలొమ్యూ ఒగ్బెచే ఈ జట్టు ఆటగాడే. మరుసటి సీజన్‌లోనూ లీగ్ దశలో 42 పాయింట్లతో రెండో స్థానం దక్కింది.

2023-24లో అంతా తలకిందులైంది. వేతనాలు నెలల తరబడి అందలేదన్న ఫిర్యాదులు వెల్లువెత్తాయి. మాజీ ఆటగాళ్ల బకాయిల వ్యవహారం ఫిఫాకు చేరి, కొత్త ఆటగాళ్ల నమోదుపై నిషేధం పడింది. విదేశీ ఆటగాళ్లు ఒకరి తరువాత ఒకరు వెళ్లిపోయారు, పేరున్న భారతీయ ఆటగాళ్లూ వేరే క్లబ్బులు చూసుకున్నారు. మిగిలిన యువకులతో శిక్షకుడు తంగ్‌బోయ్ సింగ్టో సీజన్‌ను ఈడ్చుకొచ్చారు. 22 మ్యాచ్‌లలో ఒక్క విజయం, 8 పాయింట్లు, చివరి స్థానం. ఆ ఒక్క విజయం 2024 మార్చిలో చెన్నైయిన్ ఎఫ్‌సీపై 1-0తో లభించింది. అది జరిగింది చెన్నైలో, అంటే పుదుచ్చేరి అభిమానులకు అందుబాటులో ఉన్న ఏకైక ఐఎస్‌ఎల్ మైదానంలో. వేతనాలపై అంత అనిశ్చితి నడుమ ఆడిన కుర్రాళ్ల గెలుపు అది. ట్రోఫీ గెలిచిన రాత్రికన్నా ఈ విజయానికి ఎక్కువ విలువ ఇచ్చే అభిమాని ఉంటే తప్పుపట్టడానికి లేదు.

నిషేధం ఎలా పనిచేస్తుంది?

ఫిఫా ‘ఆటగాళ్ల హోదా, బదిలీల నిబంధనావళి’లో ఇందుకు సంబంధించిన నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. కనీసం రెండు నెలల వేతనం అక్రమంగా నిలిపివేస్తే, ఆటగాడు లిఖితపూర్వకంగా తెలియజేసి కనీసం 15 రోజుల గడువు ఇవ్వాలి. అప్పటికీ చెల్లించకపోతే న్యాయమైన కారణంతో ఒప్పందాన్ని రద్దు చేసుకొనే హక్కు అతనికి లభిస్తుంది. ఫిఫా తీర్పు ప్రకారం చెల్లించవలసిన మొత్తాన్ని క్లబ్ గడువులోగా చెల్లించకపోతే కొత్త ఆటగాళ్ల నమోదును నిషేధిస్తారు. ఈ నిషేధం గరిష్ఠంగా వరుసగా మూడు పూర్తి నమోదు కాలాల వరకు కొనసాగవచ్చు. బకాయి తీర్చిన వెంటనే దాన్ని ఎత్తివేస్తారు.

ఆటగాడి హక్కును కాపాడటానికి ఇంతకన్నా బలమైన సాధనం లేదన్నది వాస్తవం. ఈ నిబంధన లేకపోతే వేతనాలు ఎగ్గొట్టిన క్లబ్బులే మళ్లీ కొత్తవారిని కొనుక్కుంటూ పోయేవి. కానీ ఈ సాధనం ఒక ఊహపై ఆధారపడింది: జట్టు బలహీనపడితే యజమాని నష్టపోతాడు, కాబట్టి తొందరపడి డబ్బు చెల్లిస్తాడు అన్నది ఆ ఊహ. చెల్లించే శక్తి గాని, ఆసక్తి గాని లేని యజమాని విషయంలో అది పనిచేయదు. అప్పుడు ఒక నిబంధన ప్రకారం పాతవారు వెళ్లిపోతారు, మరో నిబంధన ప్రకారం కొత్తవారు రాలేరు. రెండూ న్యాయమైనవే. రెండింటి నడుమ చిక్కుకున్న జట్టు మాత్రం వారంవారం ఓడిపోతూ ఉంటుంది. 2023-24లో హైదరాబాద్ పరిస్థితి అక్షరాలా ఇదే.

2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ను కొనుగోలు చేసింది. 2024-25లో జట్టు 13 జట్లలో 12వ స్థానంలో నిలిచింది. ఆపై ఢిల్లీకి తరలింపు.

అభిమానికి ఉన్న అధికారం ఎంత?

హైదరాబాద్ జట్టుకు ‘దక్కన్ లీజియన్’ పేరిట అభిమానుల బృందం ఉండేది. గచ్చిబౌలిలోని బాలయోగి మైదానంలో పసుపు జెండాలతో కనిపించిన ఈ బృందానికి యాజమాన్య మార్పిడిలో గాని, తరలింపులో గాని ఓటు లేదు, వాటా లేదు, చట్టబద్ధమైన స్థానం అంతకన్నా లేదు. ఐఎస్‌ఎల్ ఫ్రాంచైజీ నమూనాలో జట్టు అంటే లీగులో పాల్గొనే హక్కు. ఆ హక్కు కొన్నవారిది.

కోల్‌కతాలో ఇదే కథ వేరుగా ముగిసింది. 1889లో స్థాపితమైన మోహన్ బగాన్ 2020లో ఏటీకే ఫ్రాంచైజీతో కలిసిపోయి ‘ఏటీకే మోహన్ బగాన్’ అయినప్పుడు, తమ క్లబ్ పేరుకు ముందు మరో పేరు చేరడాన్ని అభిమానులు అంగీకరించలేదు. ‘ఏటీకేను తొలగించండి’ అన్న నినాదం మూడేళ్లపాటు ఆగలేదు. 2023 మార్చి 18న జట్టు ఐఎస్‌ఎల్ ట్రోఫీ గెలిచిన రాత్రే యజమాని సంజీవ్ గోయెంకా పేరు మార్పును ప్రకటించారు. జట్టు మోహన్ బగాన్ సూపర్ జెయింట్ అయింది. ఇక్కడ నినాదం ఒక్కటే పనిచేయలేదన్నది గమనించాలి. గోయెంకా సంస్థకు 80 శాతం వాటా ఉన్నా, మిగిలిన 20 శాతం పాత క్లబ్ చేతిలోనే ఉంది. ఆ క్లబ్‌కు సభ్యులున్నారు, ఎన్నికలున్నాయి, శతాబ్దం దాటిన చరిత్ర ఉంది. యజమాని రాకముందే సంస్థ ఉన్నచోట అభిమాని మాటకు బరువుంటుంది. హైదరాబాద్‌లో యజమానితోపాటే సంస్థ పుట్టింది.

శిక్ష పడినప్పుడు అభిమానులు ఎల్లప్పుడూ యజమానిపైనే కోపించరు. 2023 మార్చి 3న బెంగళూరుతో జరిగిన ప్లేఆఫ్‌లో సునీల్ ఛెత్రీ వేగంగా తీసిన ఫ్రీకిక్‌ను గోల్‌గా ప్రకటించడాన్ని నిరసిస్తూ కేరళ బ్లాస్టర్స్ జట్టు మైదానం విడిచి వెళ్లింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య క్రమశిక్షణ సంఘం క్లబ్‌కు రూ.4 కోట్ల జరిమానా, శిక్షకుడు ఇవాన్ వుకొమనోవిచ్‌కు 10 మ్యాచ్‌ల నిషేధం విధించింది. కేరళ అభిమానులలో ఎక్కువమంది శిక్షకుడి పక్షాన నిలిచారు. నిబంధనల దృష్టిలో సమాఖ్యకు మరో మార్గం లేదు. అయినా ఆటను వదలి వెళ్లిన జట్టుకు పడిన జరిమానా, వేతనాలు వదిలేసిన యాజమాన్యాల కథలు ఒకే ఏడాది వినవలసి వచ్చిన అభిమానికి దేనికి ఎంత శిక్ష అన్న సందేహం కలగడం సహజం.

ఇంగ్లండ్‌లో పాయింట్ల కోత

ఇంగ్లండ్‌లో శిక్ష నేరుగా పట్టికపైనే పడుతుంది. మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం చూపకూడదన్న నిబంధనను ఉల్లంఘించినందుకు 2023 నవంబరులో ఎవర్టన్‌కు ప్రీమియర్ లీగ్ 10 పాయింట్లు కోత వేసింది. తరువాతి మ్యాచ్‌లో లీగ్ అవినీతిమయమైందంటూ అభిమానులు గులాబీ రంగు కార్డులు ఎత్తి చూపారు. 2024 ఫిబ్రవరిలో అప్పీలుపై కోతను 6కు తగ్గించారు. ఏప్రిల్‌లో మరో ఉల్లంఘనకు ఇంకో 2 పాయింట్లు తీసివేశారు. ఒకే సీజన్‌లో పట్టిక మూడుసార్లు తిరగరాసినట్లయింది. అదే యజమాని ఫర్హాద్ మోషిరీ పాలనపై ఏళ్ల తరబడి నిరసన తెలిపిన అభిమానులే ఈసారి లీగుపై తిరగబడ్డారు.

షెఫీల్డ్ వెన్స్‌డే ఉదంతం హైదరాబాద్‌కు ఇంకా దగ్గరిది. 2025లో అక్కడ ఆటగాళ్ల వేతనాలు పలుమార్లు ఆలస్యమయ్యాయి. యజమాని డెజ్‌ఫోన్ చాన్‌సిరి వైదొలగాలంటూ అభిమానులు సొంత మైదానంలోని మ్యాచ్‌నే బహిష్కరించారు. అక్టోబరు 24న క్లబ్ దివాలా పరిపాలకుల చేతికి వెళ్లగా నిబంధన ప్రకారం 12 పాయింట్లు కోతపడ్డాయి, డిసెంబరులో మరో 6. విచిత్రమేమంటే 12 పాయింట్లు పోయిన రోజున అభిమానులు క్లబ్ దుకాణం ముందు బారులు తీరి జెర్సీలు కొన్నారు. తమ డబ్బు ఇక పాత యజమానికి చేరదన్న ధీమా వారిది.

ఇటువంటి అనుభవాల ఫలితంగానే 2025 జులై 21న బ్రిటన్‌లో ఫుట్‌బాల్ పాలనా చట్టం ఆమోదం పొందింది. దీని కింద క్లబ్ తన మైదానం వదలి వెళ్లాలంటే స్వతంత్ర నియంత్రణ సంస్థ అనుమతి పొందాలి. చిహ్నాన్నో, జెర్సీ ప్రధాన రంగులనో మార్చాలంటే అభిమానులలో మెజారిటీ మద్దతు చూపాలి. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి తరలింపు వంటిది ఆ చట్టం కింద ఒక ప్రకటనతో ముగిసేది కాదు.

ఫ్రాన్స్ పద్ధతి

1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉండి, నేటికీ ఫ్రెంచి పౌరసత్వం గల కుటుంబాలున్న పుదుచ్చేరిలో ఫ్రాన్స్ ఉదాహరణ చెప్పుకోక తప్పదు. అక్కడ డీఎన్‌సీజీ అనే ఆర్థిక పర్యవేక్షక సంస్థ ప్రతి క్లబ్ లెక్కలనూ సీజన్‌కు ముందే పరిశీలిస్తుంది. నిధులు చూపలేని క్లబ్‌ను, మైదానంలో ఎన్ని గెలిచినా, కింది అంచెకు పంపగలదు. ఆరుసార్లు ఫ్రాన్స్ విజేతగా నిలిచిన బోర్డో 2024లో ఈ కారణంగానే వృత్తి క్లబ్ హోదాను వదులుకొని నాలుగో అంచెకు పడిపోయింది. యజమాని జెరార్ లోపెజ్ మాత్రం యజమానిగానే ఉన్నారు! 2025 జూన్ 24న లియాన్‌కు కూడా రెండో అంచెకు తగ్గింపు విధించారు. అధ్యక్షుడు జాన్ టెక్స్‌టర్ తప్పుకొని, కొత్త నాయకత్వం నిధులు చూపాక జులై 9న అప్పీలులో ఆ నిర్ణయం రద్దయింది. లియాన్‌లో శిక్ష వల్ల నాయకత్వం మారింది, బోర్డోలో క్లబ్ హోదాయే మారింది. ముందస్తు పర్యవేక్షణ మంచి వైద్యమే అయినా, రోగి ఎవరో తేల్చడంలో అదీ తడబడుతోంది.

భారత్‌లోనూ క్లబ్ లైసెన్సింగ్ విధానం ఉంది. క్రీడా, వసతుల, సిబ్బంది, న్యాయ, ఆర్థిక ప్రమాణాల ప్రకారం ఏటా పరిశీలన జరుగుతుంది. కానీ 2025లో లీగు మనుగడే ప్రశ్నార్థకమైంది. సమాఖ్యకు, లీగ్ నిర్వాహక సంస్థకు మధ్య 2010లో 15 ఏళ్లకు కుదిరిన హక్కుల ఒప్పందం డిసెంబరు 8న ముగియనుండగా, జులై 11న సీజన్‌ను నిలిపివేస్తున్నట్లు నిర్వాహకులు క్లబ్బులకు తెలిపారు. కొన్ని క్లబ్బులు వేతనాలను ఆపివేశాయి. ఆ అయోమయంలోనే హైదరాబాద్ తరలింపు పెద్దగా చర్చ లేకుండా జరిగిపోయింది. ఆలస్యమైన సీజన్ 14 జట్లతో 2026 ఫిబ్రవరి 14న మొదలైంది. అందులో తెలుగు రాష్ట్రాల జట్టు ఒక్కటీ లేదు.

హైదరాబాద్‌లో శ్రీనిధి దక్కన్ క్లబ్ ఉంది. 2022-23, 2023-24 ఐ-లీగ్‌లలో అది రెండో స్థానంలో నిలిచింది. పై అంచెకు వెళ్లే అర్హత విజేతకు మాత్రమే ఉండటంతో రెండుసార్లూ తలుపు వరకు వచ్చి ఆగిపోయింది. పుదుచ్చేరి అభిమానికి దగ్గరి మైదానం ఇప్పటికీ చెన్నైయే. అక్కడికి ఇకపై హైదరాబాద్ పేరుతో ఏ జట్టూ రాదు.